ఆసుపత్రి నిర్లక్ష్యం కేసులు: రుజువు ఎవరి బీరువాలో ఉంది?

వినియోగదారుల ఫోరం మెట్లెక్కిన సామాన్యుల తరఫున వాదించిన ఒక న్యాయవాది జ్ఞాపకార్థం జరుగుతున్న సభ ఇది. ఆయన గురించి చెప్పదగినవారు ఇప్పటికే చెప్పారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. ఆసుపత్రిలో మనిషి పోయినప్పుడు ఇంటివాళ్లు అడిగేది ఒకటే: ఎందుకు పోయాడు? న్యాయస్థానం ఆ ప్రశ్నను అలా తీసుకోదు. ఏ గంటకు ఏం చేయవలసి ఉంది, అది చేశారా లేదా, చేయకపోవడం వల్లనే ప్రాణం పోయిందా అని విడగొట్టి అడుగుతుంది. ఈ ప్రశ్నలన్నిటి కిందా మరొకటి దాగి ఉంటుంది. వీటికి జవాబు చూపించవలసింది ఎవరు? వైద్యుడికి ఎంత నైపుణ్యం ఉండాలన్న విషయం మీద మన న్యాయశాస్త్రం ఎంతో సిరా ఖర్చుపెట్టింది. కానీ మరణం తర్వాతి కేసుల్లో గెలుపోటములను ఎక్కువగా తేలుస్తున్నది ఆ కొలమానం కాదనీ, రుజువు ఎవరి చేతిలో ఉంది, దాన్ని బయటపెట్టే బాధ్యత ఎవరిది అన్నదేననీ నా వాదన.

కొలమానం సంగతి ముందు చూద్దాం. 1957లో ఇంగ్లండులో బోలం కేసులో న్యాయమూర్తి జూరీకి ఒక సూత్రం చెప్పారు. వృత్తిలో బాధ్యత గల నిపుణులు కొందరు సరైనదని ఒప్పుకునే పద్ధతిలో వైద్యం జరిగితే, మరో పద్ధతిని మెచ్చే వైద్యులు ఉన్నారన్న కారణంతో దాన్ని నిర్లక్ష్యం అనకూడదు. మన సుప్రీంకోర్టు 1968లోనే, తొడ ఎముక విరిగి పుణె ఆసుపత్రిలో చేరిన ఇరవై ఏళ్ల యువకుడి మరణం మీద తీర్పు చెబుతూ, వైద్యుడి బాధ్యతను మూడు మెట్లుగా చెప్పింది: కేసు చేపట్టాలా వద్దా అన్న నిర్ణయంలో జాగ్రత్త, ఏ చికిత్స అన్న నిర్ణయంలో జాగ్రత్త, ఆ చికిత్స చేయడంలో జాగ్రత్త. 2005 ఆగస్టులో జేకబ్ మాథ్యూ తీర్పులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం బోలం సూత్రాన్ని మన దేశానికి స్థిరపరిచింది. ఈ సూత్రంతో నాకు పెద్ద పేచీ లేదు. ఒకే మందు ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడం వైద్యంలో రోజూ చూసేదే. ఆపరేషన్ బల్ల మీద జరిగిన ప్రతి మరణాన్నీ నిర్లక్ష్యంగా ఊహించడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, సరిగ్గానే చెప్పింది. ఫలితం చెడితే వైద్యుడే దోషి అన్న న్యాయం వస్తే, బతికే అవకాశం తక్కువున్న రోగిని ఎవరూ ముట్టుకోరు. అయితే కొలమానం ఒకటే అయినప్పుడు తీర్పులు ఎందుకు అటూ ఇటూ పోతున్నాయి? మనకు దగ్గరి కేసుతోనే మొదలుపెడదాం.

2002 జూలైలో హైదరాబాదులో ఒక మహిళ చలిజ్వరంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. భర్త మలేరియా శాఖ ఉద్యోగి కావడం విధి వైచిత్రి. అక్కడ టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. నాలుగు రోజుల తర్వాత నాడి కూడా అందని స్థితిలో ఆమెను మరో పెద్దాసుపత్రికి తరలించారు; ప్రాణం దక్కలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం రెండు లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ వంత పాడింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ అక్కర్లేదనీ, విషయం సంక్లిష్టమైనప్పుడే అవసరమనీ తేల్చింది. అంతకు ఏడాది ముందు మరో ధర్మాసనం, నిపుణుడి అభిప్రాయం లేనిదే డాక్టరుకు నోటీసు కూడా పంపరాదన్నట్టు చెప్పిన మాట చెల్లదని కూడా స్పష్టం చేసింది. న్యాయవిద్యార్థులు ఈ తీర్పును నిపుణుల సాక్ష్యం గురించిన తీర్పుగా చదువుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది రుజువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది. రెండో ఆసుపత్రి చేసిన పరీక్షల్లో టైఫాయిడ్ లేదనీ మలేరియా ఉందనీ తేలింది. మొదటి ఆసుపత్రి వైద్యుడు తాను మలేరియాకు చికిత్స చేయలేదని సాక్ష్యంలో ఒప్పుకున్నాడు. రోగి చివరి గంటల్లో ఆసుపత్రి మారడం వల్ల, ఈ కేసులో గెలుపోటములతో సంబంధం లేని మూడో పక్షం చేతిలో ఒక కాగితం పుట్టింది. ఆమె మొదటి ఆసుపత్రిలోనే కన్నుమూసి ఉంటే ఆ కాగితం ఉండేదా? అప్పుడూ కొలమానం ఇదే. తీర్పు మాత్రం ఇదే అయ్యేదని నేను హామీ ఇవ్వలేను.

భోపాల్ డెంగీ కేసు ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. 2009 నవంబరులో ఒక గృహిణి ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఆసుపత్రిలో చేరి, ఆ రాత్రికే మరణించారు. డెంగీ అని తెలుసు, సెలైన్లు ఎక్కించారు, మందులిచ్చారు. బోలం కొలమానంతో చూస్తే ఇచ్చిన వైద్యంలో తప్పు పట్టడం కష్టం. మెడికల్ కౌన్సిల్ కమిటీ కూడా చికిత్స మార్గదర్శకాల ప్రకారమే ఉందని, కాకపోతే సకాలంలో అందలేదని అభిప్రాయపడింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చేసిన పని చాలా సాదాసీదాది. కేస్ షీట్ తెరిచి గడియారం పక్కన పెట్టుకుంది. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే దశ గంటల మీద ముంచుకొస్తుంది; అందుకే రక్తపరీక్షలు మళ్లీ మళ్లీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడ ఉదయం పరీక్ష తర్వాత సాయంత్రం దాకా కీలకమైన రక్త పరీక్షలు జరిగిన దాఖలా లేదు. కోర్టు ఆ ఖాళీనే నిర్లక్ష్యంగా తీసుకుని 15 లక్షల పరిహారం విధించింది. చేసిన పనిని తప్పుపట్టడానికి మరో డాక్టరు కావాలి. చేయని పనిని పట్టుకోవడానికి నర్సుల చార్టు చాలు. మరణ కేసుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే: పల్స్ చూడలేదు, రాత్రి డ్యూటీ డాక్టరు పిలిస్తే రాలేదు, రిపోర్టు వచ్చినా ఎవరూ చదవలేదు.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. ముంబైలో ఒక పెద్ద ఆసుపత్రిలో 1998లో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి ఆపరేషన్ జరిగిన రోగి కొన్ని వారాల తర్వాత మరణించాడు. సర్జన్ సరిగా చూడలేదని, పరికరం పాడైందని, ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేక ఆలస్యమైందని కుటుంబం వాదించింది. జాతీయ కమిషన్ 14 లక్షలకు పైగా పరిహారం ఇచ్చింది. 2021 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. చికిత్స ఎలా నడిచిందో, ఎవరెవరు వచ్చి చూశారో ఆసుపత్రి రికార్డుతో చూపించగలిగింది. సర్జన్ ఇరవైనాలుగు గంటలూ మంచం పక్కనే ఉండాలనుకోవడం అత్యాశ అని కోర్టు అంది. ఈ తీర్పు రోగుల పక్షానికి నచ్చలేదు. నాకు మాత్రం ఇది భోపాల్ తీర్పుకు విరుద్ధంగా కనిపించదు. రెండింటిలోనూ తీర్పు చెప్పింది కాగితమే. అక్కడ కాగితం ఆసుపత్రిని పట్టించింది, ఇక్కడ కాపాడింది.

అయితే ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? రోగి సొంత కథ చెప్పలేడు, పోయాడు. ఐసీయూ తలుపు బయట కూర్చున్న కొడుకుకు లోపల ఏం జరిగిందో తెలియదు. లోపలున్నవారంతా ఆసుపత్రి జీతగాళ్లు. హైదరాబాదు నిమ్స్ కేసును దీనితో పోల్చి చూడండి. అక్కడ 1990లో ఆపరేషన్ తర్వాత ఇంజనీరింగ్ విద్యార్థి నడుము కింద చచ్చుబడిపోయాడు. అతను బతికున్నాడు. తన శరీరాన్నే సాక్ష్యంగా తీసుకొచ్చి, చక్రాల కుర్చీలోంచి తన కేసు తానే వాదించుకున్నాడు; 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది. చనిపోయినవారికి ఈ అవకాశం లేదు. చట్టానికి ఈ అసమానత తెలియక కాదు. ఒక పక్షానికే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని రుజువు చేయవలసింది ఆ పక్షమే అని 1872 సాక్ష్య చట్టం 106వ సెక్షను చెప్పింది; 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ 109వ సెక్షనుగా అది కొనసాగుతోంది. 2004లో ఢిల్లీ గుండె ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు దీన్ని వైద్యానికి అన్వయించింది. వైద్యం చేసిన డాక్టర్ల పేర్లు ఫిర్యాదులో చేర్చలేదని జాతీయ కమిషన్ చనిపోయిన రోగి భార్య కేసు కొట్టేస్తే, ఏ డాక్టరు ఏం చేశాడో రోగి కుటుంబానికి ఎలా తెలుస్తుందని సుప్రీంకోర్టు అడిగింది. ప్రాథమికంగా అనుమానం చూపిస్తే చాలు, జాగ్రత్త తీసుకున్నామని రికార్డుతో, డాక్టర్లతో చూపించుకోవలసింది ఆసుపత్రే అని చెప్పింది. ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో 1963లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత కడుపులో తువ్వాలు మిగిలిపోయి తల్లి చనిపోయిన కేసులో ఏ డాక్టరు చేయి జారిందో ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పనక్కర్లేదని, తువ్వాలే మాట్లాడుతుందని, ప్రభుత్వం జవాబుదారీ అని కోర్టు తేల్చింది. ఆ మాట 1996లో వచ్చింది. ఘటన జరిగిన ముప్ఫైమూడేళ్లకు.

మరి ఇంత మంచి సూత్రం ఉండగా కుటుంబాలు ఎందుకు ఓడిపోతున్నాయి? మొదటిది, 2004 సూత్రం తీర్పుల్లో ఉన్నంత గట్టిగా కింది కమిషన్ల ఆచరణలో లేదు. హైదరాబాదు మలేరియా కేసే సాక్ష్యం. రెండోది ఇంకా కఠినమైనది. నిర్లక్ష్యం రుజువైనా అది మరణానికి కారణమని రుజువు కావాలి. ఇంగ్లండులో 1966 కొత్త సంవత్సరం తెల్లవారుజామున టీ తాగి వాంతులతో ముగ్గురు కాపలాదారులు ఆసుపత్రికి వచ్చారు. డ్యూటీ డాక్టరు చూడకుండానే, ఇంటికి పోయి సొంత డాక్టరుకు చూపించుకోమని ఫోనులో చెప్పి పంపాడు. ఒకరు ఆ మధ్యాహ్నమే చనిపోయారు. టీలో ఆర్సెనిక్ ఉంది. డాక్టరుది నిర్లక్ష్యమే అని కోర్టు ఒప్పుకుంది. చూసి ఉన్నా విరుగుడు సకాలంలో అందేది కాదు కనుక పరిహారం మాత్రం ఇవ్వలేదు. తర్కం సరైనదే. కానీ ఆ తర్కం నిలబడాలంటే మరణకారణం ఖచ్చితంగా తెలియాలి. అక్కడ తెలిసింది. మన దగ్గర మరణ ధ్రువీకరణ పత్రంలో తరచుగా కనిపించే కారణం గుండె, ఊపిరి ఆగిపోవడం. మరణకారణం రాయవలసిన నాలుగో నమూనా ఫారమే మరణం వచ్చిన తీరును కాకుండా దానికి దారితీసిన జబ్బును రాయమని చెబుతుంది. గుండె ఆగకుండా ఎవరైనా చనిపోతారా? పుణె కేసులో సర్జన్ ఇచ్చిన మరణ పత్రం కొవ్వు ముక్క రక్తంలో అడ్డుపడిందని చెప్పింది. మత్తు సరిగా ఇవ్వకుండా కాలు లాగడం వల్ల కలిగిన షాకే కారణమని మూడు కోర్టులు నమ్మాయి. చనిపోయిన యువకుడి తండ్రి స్వయంగా డాక్టరు. పత్రాన్ని ప్రశ్నించే చదువు అతనికి ఉంది. ఎందరు తండ్రులకు ఉంటుంది? ఇక పోస్టుమార్టం అంటే శవాన్ని కోస్తారని ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆరు నెలల తర్వాత కమిషన్ ముందు ఆసుపత్రి వకీలు అడిగే మొదటి ప్రశ్న, కారణమేమిటో మీకెలా తెలుసనే.

పరిహారం లెక్క గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. పుణె తండ్రికి దక్కింది మూడు వేలు. కలకత్తాలో 1998లో చికిత్స పొంది ముంబైలో మరణించిన ప్రవాస భారతీయురాలి భర్తకు 2013లో సుప్రీంకోర్టు 5.96 కోట్లు, దాని మీద వడ్డీ ఇచ్చింది; ఆమె అమెరికాలో సంపాదించగలిగే ఆదాయం ఆ లెక్కలో ప్రధానం. సంపాదన కొద్దీ ప్రాణం ఖరీదు కట్టే పద్ధతి నాకు రుచించదు. భోపాల్ తీర్పు గృహిణి శ్రమకు విలువ కట్టాలని చెప్పడం కొంత ఊరట. అదే కలకత్తా కేసులో గమనించవలసింది మరొకటి ఉంది: 2009లో డాక్టర్లపై క్రిమినల్ కేసు నిలబడలేదు, సివిల్ బాధ్యత నిలబడింది. వాస్తవాలు ఒకటే, రుజువు బరువు వేరు. లూధియానాలో ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉండి రోగి చనిపోయిన కేసులో జేకబ్ మాథ్యూ తీర్పు కూడా డాక్టర్లపై క్రిమినల్ కేసు కొట్టేసి, ఆసుపత్రి సివిల్ బాధ్యతకు తలుపు తెరిచే ఉంచింది. డాక్టరును జైలుకు పంపితేనే న్యాయం అనుకునేవారికి ఇది చేదుగా ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను నమోదైన వైద్యుడికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్షే ఉంచింది, ఇతరులకు ఐదేళ్లు. సిలిండరు ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోవడానికి పోలీసు స్టేషన్ సరైన చోటు కాదు. స్టోరు రిజిస్టరు తెప్పించగల కమిషన్ సరైన చోటు.

ఇప్పుడు అభ్యంతరాలు. వైద్యులు చెప్పేది ముందు: రికార్డు లేకపోతే ఓడిపోతామంటే డాక్టరు చూపు రోగి మీదినుంచి కాగితం మీదికి పోతుంది, భయంతో అక్కర్లేని పరీక్షలు రాస్తాడు. రెండో భాగంలో నిజం ఉంది. ఆ ఖర్చు చివరికి రోగి నెత్తినే పడుతుంది. కానీ నేను కోరుతున్నది అదనపు పరీక్షలు కాదు. చేసినదాన్ని చేసిన గంటలో రాయడం చికిత్సలో భాగమే. రాత్రి షిఫ్టు నర్సుకు పగటి నర్సు ఏం చేసిందో తెలిసేది దానితోనే. ముంబై సర్జన్‌ను కాపాడిందీ అదే. చిన్న ఊళ్లో పది పడకల నర్సింగ్ హోమ్ సంగతేమిటంటారా? అక్కడ వెంటిలేటరు లేదని ఎవరూ శిక్షించకూడదు. లేదని తెలిసి రోగిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపారో రాసుకోవడానికి వెంటిలేటరు అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రి ఉచితం కదా అన్న మాటకూ జవాబుంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోటు సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన శాంత తీర్పు ప్రకారం వినియోగదారుల చట్టం కిందికి రాదు, కానీ ఔరంగాబాదులో జరిగినట్టు సివిల్ దావాకు అడ్డు లేదు. అదే తీర్పు, రోగి బదులు బీమా సంస్థ డబ్బు కడితే అది ఉచిత సేవ కాదంది. ఆ తర్కంతో చూస్తే ఆరోగ్యశ్రీ కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారిని బయట ఉంచడానికి నాకు కారణం కనిపించదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం రోగుల పక్షం నుంచే వస్తుంది. అంతా రికార్డే అయితే, ఆసుపత్రి దాన్ని తర్వాత తీరిగ్గా చక్కగా రాసుకుంటుంది కదా? రాసుకుంటుంది. అందుకే నా వాదనలో కీలకం రికార్డు ఉండటం కాదు, అది ఎప్పుడు బయటికి వచ్చిందన్నది. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలు రోగి రికార్డును మూడేళ్లు భద్రపరచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని చెప్పాయి. అడగని కుటుంబం సంగతి ఏమిటి? దుఃఖంలో ఉన్నవారు అడగరు. అడిగేనాటికి ఫైలు దిద్దుబాట్లు పూర్తయి ఉండవచ్చు. దిద్దిన ఫైలును పట్టుకునే దారులు లేకపోలేదు. మందుల షాపు బిల్లులో గంట ఉంటుంది, ల్యాబ్ యంత్రం తన సమయం తాను అచ్చేస్తుంది, మానిటరులో రీడింగులు మిగిలి ఉంటాయి. రాత్రి రెండింటికి ఇచ్చామన్న ఇంజెక్షన్ ఉదయం ఆరింటికి కొన్నట్టు బిల్లుంటే కేస్ షీట్ అబద్ధమాడినట్టే. కమిషన్లు ఈ రెండో వరస కాగితాలను తమంత తామే తెప్పించుకోవాలి; చట్టం వాటికి ఆ అధికారం ఇచ్చింది. ఇవ్వని రికార్డు, ఆలస్యంగా ఇచ్చిన రికార్డు, గంటలు లేని రికార్డు ఆసుపత్రికి వ్యతిరేకమనే ఊహతో విచారణ మొదలవ్వాలి. ఆ ఊహను తోసిపుచ్చే అవకాశం ఆసుపత్రికి ఉంటుంది, ముంబైలో లాగా.

ఆసుపత్రి అద్దాలు పగలగొట్టే ఆవేశానికి కూడా ఇక్కడే మూలం ఉందని నా అనుమానం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టే చట్టం చేసింది. ఆ చట్టం అవసరమే. లోపల ఏం జరిగిందో చెప్పేవాడు లేనప్పుడు మాత్రం జనం తామే ఊహించుకుంటారు, ఆ ఊహతోనే రాయి ఎత్తుతారు. ప్రైవేటు ఆసుపత్రులను నమోదు చేసే అధికారం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల చేతిలో ఉంది. నమోదు షరతుల్లో ఒకటి చేర్చమని ఈ వేదిక నుంచి కోరుతున్నాను: ఆసుపత్రిలో రోగి చనిపోతే, బిల్లు తేలినా తేలకపోయినా, కేస్ షీట్, నర్సుల చార్టు, ల్యాబ్ రిపోర్టుల పూర్తి నకలు కుటుంబం అడగకుండానే మృతదేహంతోపాటే అప్పగించాలి. ఆ షరతు వచ్చేదాకా ఇంటివాళ్లు అడిగి తీసుకోవాలి, రాతపూర్వకంగా అడిగి రసీదు ఉంచుకోవాలి. అనుమానం ఉంటే అంత్యక్రియలకు ముందే పోస్టుమార్టం కోరాలి. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు.